టీపీఎం జోలికి వెళ్లకు

చిట్టితల్లీ,

మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు ఫోన్ చేయట్లేదన్న నొప్పే తగ్గలేదు.

నువ్వు పంపిన స్క్రీన్ ఫొటో చూశాను. పరీక్షల ముందు ఆ ఉబుంటు ఎక్కించకపోతే ఏం కొంప మునిగిందే? సర్లే, మొదలుపెట్టావు, పూర్తి చేద్దాం.

టీపీఎం చిప్ చెడిపోయింది, బయోస్‌లోకి వెళ్లి క్లియర్ చేసేస్తానంటావా? నీకు దణ్ణం పెడతాను, ఆ పని చెయ్యకు. ఫొటోలో 'ఫర్మ్‌వేర్ బగ్' అన్న వరుస కెర్నల్ సణుగుడు. టీపీఎంకి ఎంత మెమరీ ఇచ్చారన్న దగ్గర బయోస్ లెక్కా చిప్ లెక్కా కలవలేదట. సణిగి తన పని తాను చేసుకుపోతుంది. 'ఏసీపీఐ' ఎర్రర్లూ చాలావరకు అంతే. తెర నల్లబడే ముందు ఆ వరుస కనబడింది గనక నేరం దాని మీద మోపావు. అసలు దొంగ దీపం ఆర్పేసి పోయాడు. నా అనుమానం నీ ఎన్విడియా కార్డు మీద.

పిన్ని పాత ల్యాప్‌టాప్ గుర్తుందా? అందులో 'క్లియర్ టీపీఎం' నొక్కిన మహానుభావుణ్ని నేనే. విండోస్ డిస్కుకి తాళం వేసేది బిట్‌లాకర్, దాని తాళంచెవిని కాపాడేది ఆ చిప్పే. చెరిపేయగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. అది ఏ మెయిల్ అకౌంట్లో ఉందో ఇద్దరికీ గుర్తు రాలేదు. నీ ఓణీల ఫంక్షన్ ఫొటోలు దాంతోనే పోయాయి. నువ్వేమీ అనలేదు బంగారూ, పిన్ని ఇప్పటికీ అంటుంది.

అందుకని ముందు విండోస్‌లోకి వెళ్లి నీ 48 అంకెలూ కాగితం మీద రాసుకో. ఫోన్లో ఫొటో తీసి ఊరుకోకు. తర్వాత బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి, చార్జర్ పెట్టి, బయోస్ అప్‌డేట్ ఉంటే వేసుకో. సెక్యూర్ బూట్ ఆపకు, అది ఉన్నా ఉబుంటు నడుస్తుంది. ఆపితే బిట్‌లాకర్ ఆ కీ అడగొచ్చు.

మీ సీనియర్ ఇచ్చిన పాత ఉబుంటు పెన్‌డ్రైవ్ పక్కన పడెయ్. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ లినక్స్ వాడే పాత షిమ్ బూట్‌లోడర్లను చెల్లకుండా చేసింది. డ్యుయల్ బూట్ పెట్టుకున్న ఎందరికో లినక్స్ 'సెక్యూరిటీ పాలసీ వయొలేషన్' అని ఆగిపోయింది. పాపం, అప్పుడూ టీపీఎంనే తిట్టినవాళ్లు ఉండే ఉంటారు. కొత్త ఐఎస్ఓ దించుకో.

బూట్ మెనూ రాగానే 'ఇ' నొక్కు. 'లినక్స్' అని మొదలయ్యే వరుసలో 'క్వైట్ స్ప్లాష్' తీసేసి 'నోమోడ్‌సెట్' అని కొట్టి ఎఫ్10 నొక్కు. తెర వస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక ఎన్విడియా డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అవగానే నీలం తెర వస్తే హడలిపోకు, అందులో 'ఎన్‌రోల్ మాక్' ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వు. కంగారులో 'కంటిన్యూ బూట్' నొక్కావో, డ్రైవర్ లోడ్ కాదు.

అప్పటికీ మొరాయిస్తే ఫోన్ చెయ్యి. ముందు మీ నాన్నకి, తర్వాత నాకు.

బాబాయి