మాట తప్పిపోకుండా: సెంటర్ స్పీకర్ ఎంపిక, అమరిక

"ఏమన్నాడు?" సినిమా నడుస్తుండగా అవ్వ అడిగే మాట ఇది. ఫైటు వస్తే కిటికీలు అదురుతాయి. మాటలొస్తే వినపడవు. సౌండ్ పెంచితే వెంటనే వచ్చే పాట చెవులు హోరెత్తిస్తుంది. ఇది అవ్వ చెవుల లోపమని అనుకుంటాం. చాలా ఇళ్లలో లోపం సెంటర్ స్పీకర్‌ది.

5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. టీవీకి కిందో పైనో మధ్యలో కూర్చునేదే సెంటర్. సినిమాలో మాటలు దాదాపు అన్నీ దీనికే వస్తాయి. తెలుగు, కన్నడ రెండూ నడిచే బళ్లారి ఇళ్లలో దీన్ని తేలిగ్గా పరీక్షించొచ్చు. 2018లో వచ్చిన కె.జి.ఎఫ్ సినిమాను కాసేపు కన్నడంలో, కాసేపు తెలుగులో పెట్టి చూడండి. డబ్బింగ్‌లో సంగీతం, శబ్దాలు అలాగే ఉంచి మాటలు మారుస్తారు. కాబట్టి భాష మారినప్పుడు ముఖ్యంగా మారేది సెంటర్ పలికేదే.

నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ అనే నాటక సమాజాన్ని నడిపిన ఊరు బళ్లారి. ఆయన మేనల్లుడు, నటుడు బళ్లారి రాఘవ (1880–1946) పేరులోనే ఈ ఊరుంది. మైకులు లేని రోజుల్లో చివరి వరుసదాకా మాట చేర్చిన రంగస్థలం ఇక్కడిది. పది అడుగుల హాల్లో మాట చేరకపోతే ఎలా? పద్ధతిగా చేద్దాం.

1. అవసరమా కాదా తేల్చుకోండి

ఎడమ, కుడి స్పీకర్లు రెండే ఉన్నా, సరిగ్గా నడుమ కూర్చున్నవారికి మాట తెర మధ్య నుంచే వస్తున్నట్టు ఉంటుంది. పక్కకు జరిగితే ఆ మాట దగ్గరి స్పీకర్ వైపు లాక్కుపోతుంది. 1933 ఏప్రిల్ 27న బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కచేరీని తీగల మీదుగా వాషింగ్టన్‌లోని హాలుకు పంపినప్పుడు, ఎడమ కుడులతో పాటు మధ్యలో మూడో చానల్ పెట్టింది కూడా ఇలాంటి కారణంతోనే. ఒక్కరే చూసే గదికి రెండు సరిపోవచ్చు. పిల్లలు చాప మీద, పెద్దలు పక్క కుర్చీల్లో కూర్చునే హాలుకు సెంటర్ తప్పనిసరి.

2. జత కుదిరేది ఎంచుకోండి

ముందున్న ఎడమ, కుడి స్పీకర్ల కంపెనీలోనే, అదే సిరీస్‌లో సెంటర్ తీసుకోండి. జత కుదరకపోతే, నడుస్తూ మాట్లాడే మనిషి గొంతు తెర మధ్యకు రాగానే మారినట్టు వినిపిస్తుంది. వీలుంటే ఎడమ, కుడి పెట్టిన మోడల్‌నే మూడోది తెచ్చి నిలువుగా పెట్టండి. అంతకు మించిన జత లేదు.

పడుకోబెట్టే రకమే కావాలంటే ముందు జాలీ తీయించి చూడండి. నడుమ చిన్న ట్వీటర్, అటూ ఇటూ రెండు వూఫర్లు మాత్రమే ఉన్నవి ఎక్కువగా దొరుకుతాయి. పక్క కుర్చీలోకి ఆ రెండు వూఫర్ల శబ్దం ఒకేసారి చేరదు. కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ట్వీటర్ కిందనే మాటల కోసం వేరే చిన్న కోను ఉన్న త్రీవే రకం వెడల్పాటి హాలుకు మేలు. కొట్లో ఒక సంభాషణ పెట్టించి, స్పీకర్ ముందు ఎడమ నుంచి కుడికి నడవండి. గొంతు మూసుకుపోయినట్టు అనిపిస్తే వద్దనండి. దాని ఓమ్స్ (ఇంపెడెన్స్) స్పీకర్లను నడిపే మీ రిసీవర్‌కు సరిపోతాయో లేదో కూడా అక్కడే చూసుకోండి.

3. సరైన చోట పెట్టండి

షోకేసు గూట్లోకి లోపలికంటా తోయకండి. గూడు మాటకు డబ్బా మోత తెస్తుంది. స్పీకర్ ముఖం అర అంచుకు సమంగా రావాలి. గూడు తప్పకపోతే చుట్టూ ఖాళీ వదలండి.

తర్వాత వంపు. సోఫాలో కూర్చున్నవారి చెవి నేలకు సుమారు 3 అడుగుల పైన ఉంటుంది. స్పీకర్ అడుగున్నర ఎత్తులో, సోఫా 9 అడుగుల దూరంలో ఉంటే, ముఖం దాదాపు 10 డిగ్రీలు పైకి తిరగాలి. 8 అంగుళాల లోతున్న పెట్టెకైతే ముందు అంచు కింద ఒకటిన్నర అంగుళం ఎత్తు చాలు. జారని రబ్బరు ముక్కలు వాడండి. టీవీ పైన పెడితే అదే లెక్కన కిందికి వంచండి.

4. వైరు కలపండి

ముందు రిసీవర్ ప్లగ్ పీకేయండి. మామూలు హాలుకు 16 గేజ్ రాగి వైరు సరిపోతుంది. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. ఒక్క రాగి పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా షార్ట్ అవుతుంది కాబట్టి పోగులన్నీ మెలితిప్పి దూర్చండి. ఎరుపు, నలుపు తారుమారైతే స్పీకర్ పలుకుతుంది గాని, మిగతా రెంటితో కలిసినప్పుడు శబ్దం పలచబడుతుంది.

5. సెట్టింగులు సరిచేయండి

టీవీలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూకు మార్చండి. పీసీఎమ్‌లో ఉంటే చాలా టీవీలు రెండు చానళ్లే పంపుతాయి. రెండు చానళ్ల కార్యక్రమాలకు రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ మోడ్ పెడితే మాట మధ్యకు వస్తుంది.

రిసీవర్‌లో సెంటర్‌ను 'స్మాల్' అని, క్రాసోవర్ 80 హెర్ట్జ్ అని పెట్టండి. కోన్లు మరీ చిన్నవైతే 100 లేదా 120. అప్పుడు బరువైన శబ్దాలు సబ్‌వూఫర్‌కు పోయి, సెంటర్‌కు మాట మీద పట్టు దొరుకుతుంది. టేపుతో ప్రతి స్పీకర్ నుంచి కూర్చునే చోటికి దూరం కొలిచి నమోదు చేయండి. శబ్దం ఒక అడుగు దాటడానికి దాదాపు 0.9 మిల్లీసెకను పడుతుంది. రిసీవర్ ఆ తేడా లెక్కగట్టి అన్నిటినీ ఒకేసారి చేరుస్తుంది. చివరగా టెస్ట్ టోన్ వేసి, ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్‌తో మూడు ముందు స్పీకర్లనూ సమం చేయండి. మాట ఇంకా తక్కువగా వినిపిస్తే సెంటర్‌ను ఒకటి రెండు డెసిబెల్స్ పెంచండి.

6. గది మోత తగ్గించండి

కింద కడప బండలు, పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు. ఇవేవీ శబ్దాన్ని పీల్చుకోవు. హాలు నడుమ చప్పట్లు కొట్టండి. 'టంగ్'మని తిరిగి వస్తే ఆ మోతే మాటనూ చెరుపుతుంది. ముందు దెబ్బతినేవి హల్లులు: స, శ, త, ప. సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి జంపఖానా పరచండి, కిటికీలకు బరువైన కర్టెన్లు వేయండి. కొత్త స్పీకర్‌కు ఖర్చు పెట్టేముందు ఇది చేయండి. చాలాసార్లు తేడా ఇక్కడే తెలుస్తుంది.

7. అవ్వతో పరీక్ష

1951 నాటి 'పాతాళ భైరవి' లాంటి పాత సినిమా పెట్టండి. అది మోనో. డాల్బీ సరౌండ్ మోడ్‌లో శబ్దం దాదాపు మొత్తం సెంటర్ నుంచే రావాలి. రాకపోతే ఐదో మెట్టుకు వెళ్లండి. ఆ తర్వాత కొత్త సినిమాలో గుసగుసల సన్నివేశం ఒకటి పెట్టి, అవ్వను పక్క కుర్చీలో కూర్చోబెట్టండి. పక్కన వినపడక నడుమ వినపడితే రెండు, మూడు మెట్లు చూడండి. ఎక్కడా స్పష్టంగా లేకపోతే ఆరోది. రిమోట్ ముట్టకుండా, ఎవర్నీ అడగకుండా అవ్వ కథ అందుకుంటే పని పూర్తయినట్టే.