ప్రేగులకు గల సహజరక్షణ

చర్మమును, శ్వాసమార్గమును, ప్రేగులను కప్పియున్న పలుచని పొర కేవలము అడ్డుగోడ కాదు. అందలి కణములు సూక్ష్మక్రిములను చంపు చిన్న మాంసకృత్తులను తయారుచేయుచుండును. వీనిని పెప్టైడులు అందురు.

అట్టివానిలో ఎల్.ఎల్.-37 ఒకటి. ఇందు 37 ఆమినో ఆమ్లములు గలవు. దీనికి ధనవిద్యుదావేశము, క్రిముల పైపొరకు ఋణవిద్యుదావేశము ఉండును. అందుచే ఇది క్రిమికి అంటుకొని, దాని పైపొరను ఛేదించును, క్రిమి నశించును.

అయితే రక్తవిరేచనములు కలిగించు షిగెల్లా క్రిమి ఈ కావలినే అణచివేయగలదు. ఢాకాలోని అంతర్జాతీయ అతిసారవ్యాధి పరిశోధన కేంద్రమున రోగులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, వ్యాధి తొలిదశలో ప్రేగుల పొరయందు ఎల్.ఎల్.-37 మిక్కిలి తగ్గుచున్నదని 2001లో ప్రకటించిరి. ఆహారమందలి పీచు నుండి ప్రేగులలో పుట్టు బ్యూటిరేటు అను పదార్థము, వ్యాధి సోకిన కుందేళ్లలో ఇట్టి రక్షణను పునరుద్ధరించినట్లు 2006లో వెల్లడియైనది.

కావలి తగ్గిన ఇంట దొంగకు తావు దొరకును. షిగెల్లా క్రిములు పది నుండి నూరు వరకు లోనికి పోయినను వ్యాధి రావచ్చును. కావున మలవిసర్జన తరువాతను, వంటకును భోజనమునకును ముందును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. శుభ్రమైన నీటినే త్రాగవలెను. ఆహారముపై ఈగలు వ్రాలనీయరాదు.

బిడ్డ మలములో రక్తము కనబడినచో వెంటనే వైద్యుని చూపవలెను. తల్లిపాలు మానరాదు, ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగించుచుండవలెను. వైద్యుడు చెప్పనిదే మందులు వాడరాదు.