గోపీచంద్ గొప్పా, శ్రీకాంత్ గొప్పా?

దమ్మపేట, అశ్వారావుపేట మండలాల బళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా నా సర్వీసంతా గడిచింది. రిటైరైనా గ్రౌండ్ వదిలిపెట్టలేదు. ఆట ముగిసి వల విప్పుతుంటే పిల్లలు నన్ను పట్టుకుని అడిగే ప్రశ్న తరం మారినా మారదు: "సార్, వాళ్లిద్దరిలో ఎవరు గొప్ప?" ఒకప్పుడు గవాస్కరా, సచినా అనేవాళ్లు. ఇప్పుడు గురుకులం పిల్లలు ఫోన్లలో బాస్కెట్‌బాల్ చూసొచ్చి మైఖేల్ జోర్డానా, లెబ్రాన్ జేమ్సా అని కొట్లాడుకుంటారు. షటిల్ ఆడే పిల్లల దగ్గర మాత్రం మన తెలుగువాళ్లిద్దరి మీదే వాదన: పుల్లెల గోపీచంద్, కిదాంబి శ్రీకాంత్.

ఇది పొద్దుపోని కబుర్లని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇద్దరిని సరిగ్గా పోల్చడం నేర్చుకున్న పిల్లవాడికి ఆట లోపల ఏం జరుగుతుందో అర్థమవుతుంది. అందుకే నాకు తెలిసింది వరసగా రాస్తున్నాను.

1. ముందు, వాళ్లు ఏ లెక్క ప్రకారం ఆడారో కనుక్కోండి.

2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్. గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. ఈ అంకెలు చూసి ఇప్పటి పిల్లలు "ఇంత తక్కువ స్కోరా" అంటారు. ఆ రోజుల్లో గేమ్‌కు పదిహేను పాయింట్లు, అదీ సర్వీస్ చేసినవాడికే. అవతలివాడు ర్యాలీ గెలిస్తే సర్వీస్ అతని చేతికి పోతుంది, అంతే. బోర్డు మీద అంకె కదలదు. పావుగంట సేపు ఇద్దరూ చెమటలు కక్కినా 4-3 దగ్గరే ఆగిపోయిన మ్యాచ్‌లకు నేనే పలక పట్టుకుని స్కోరు వేశాను. చూసేవాళ్లు లేచి టీ తాగి వచ్చినా అదే అంకె. ఆడేవాడి ఊపిరి మాత్రం తరిగిపోతూ ఉండేది.

2006లో ఆ పద్ధతి పోయింది. ఇరవై ఒక్క పాయింట్లు, ఎవరు ర్యాలీ గెలిస్తే వాళ్లకే పాయింటు. దాంతో ఆటగాడి తయారీయే మారిపోయింది. పాత పద్ధతిలో వెనకబడినవాడికి తేరుకునే వ్యవధి ఉండేది. సర్వీస్ లాక్కుంటే చాలు, నష్టం అక్కడితో ఆగేది. ఓర్పు, నెట్ దగ్గర నేర్పు, అవతలివాణ్ని నాలుగు మూలలకూ తిప్పి అలసగొట్టడం అప్పటి ఆస్తులు. గోపి ఆట సరిగ్గా అదే. ఇప్పుడు మొదటి పాయింటు నుంచే దాడి చెయ్యాలి. వరసగా ఐదు తప్పులు చేస్తే గేమ్ చెయ్యి జారినట్టే.

2021 డిసెంబరులో స్పెయిన్‌లోని వెల్వాలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ చూడండి. సింగపూర్ కుర్రాడు లో కీన్ యూ మీద శ్రీకాంత్ మొదటి గేమ్‌లో 9-3 ఆధిక్యంలో ఉన్నాడు. ఆ గేమ్ 15-21తో పోయింది, రెండోది 20-22. ఇది చూసి కొందరు శ్రీకాంత్‌కు గుండె దిటవు లేదన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. ర్యాలీ పాయింట్ల ఆటలో ఆరు పాయింట్ల ఆధిక్యం కరిగిపోవడానికి రెండు మూడు నిమిషాలు చాలు. పాత లెక్కల్లో పెరిగిన కళ్లతో కొత్త ఆటకు తీర్పు చెప్పకూడదు. కొత్త కళ్లతో పాత ఆటకూ అంతే.

2. కప్పులు లెక్కపెట్టేముందు పోటీలు లెక్కపెట్టండి.

శ్రీకాంత్ 2017లో ఒక్క ఏడాదిలోనే నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు: ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్. ఆస్ట్రేలియాలో ఫైనల్లో ఓడింది ఒలింపిక్ విజేత చెన్ లాంగ్. గోపి ఖాతాలో అలాంటి ఏడాది లేదు. కానీ సూపర్ సిరీస్ అనేదే 2007లో మొదలైంది. లేని పోటీని ఎవరు గెలుస్తారు?

బాస్కెట్‌బాల్ పిల్లలకూ ఇదే చెబుతాను. జోర్డాన్ ఆరుసార్లు ఫైనల్ ఆడి ఆరూ గెలిచాడు. లెబ్రాన్ పదిసార్లు ఆడి నాలుగు గెలిచాడు. ఒకడు ఆరుకు ఆరు, ఇంకొకడు పదికి నాలుగు అనగానే తీర్పు అయిపోయిందనుకుంటారు. ఫైనల్ దాకా వచ్చి ఓడడం, అసలు ఫైనల్‌కే రాకపోవడం కంటే తక్కువ ఎలా అవుతుంది? కరీం అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్ల రికార్డును లెబ్రాన్ 2023 ఫిబ్రవరిలో దాటాడు. కానీ ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత వచ్చిందే 1979-80 సీజన్‌లో. కరీం తన జీవితం మొత్తంలో మూడు పాయింట్ల బుట్ట వేసింది ఒక్కటంటే ఒక్కటే. గీత ముందే ఉండి ఉంటే అతను ఎలా ఆడేవాడో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

3. రెండు కాలాల్లోనూ ఆడినవాణ్ని కొలబద్ద చెయ్యకండి.

2017 డెన్మార్క్ ఫైనల్లో శ్రీకాంత్ కొరియా ఆటగాడు లీ హ్యూన్ ఇల్‌ను 21-10, 21-5తో చిత్తు చేశాడు. లీ పాత పదిహేను పాయింట్ల రోజుల్లోనే పైకొచ్చినవాడు, ఒకప్పటి ప్రపంచ నంబర్ వన్. "చూశారా, పాత తరాన్ని మనవాడు ఎలా ఊడ్చేశాడో" అని ఒక కుర్రాడు గంతులేశాడు. ఆ రోజుకు లీ వయసు 37. అంతకుమించి చెప్పేదేం లేదు.

4. ఎవరు ఎక్కడ పడ్డారో, ఎలా లేచారో తెలుసుకోండి.

1994లో పుణెలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా గోపీచంద్ మోకాలి లిగమెంటు తెగింది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. ఆ రోజుల్లో ఆటగాడి మోకాలు పోయిందంటే ఉద్యోగం చూసుకోమనేవాళ్లు. మా దగ్గర కబడ్డీ ఆడే పిల్లలకు మోకాలు పోతే ఇప్పటికీ చాలాసార్లు అంతే. గోపి ఆపరేషన్లు చేయించుకుని, మళ్లీ నడక నుంచి మొదలుపెట్టి, 1996లో జాతీయ చాంపియన్ అయ్యాడు. 2000 వరకు వరసగా ఐదేళ్లు ఆ టైటిల్ వదల్లేదు. షటిల్‌లో నెట్ దగ్గరికి దూకేటప్పుడు ఒంటి బరువంతా ముందు మోకాలి మీద పడుతుంది, అదే ఊపున వెనక్కి రావాలి. ఆ మోకాలితోనే అతను ఆడింది నెట్ ఆట. నేను పిల్లలకు ముందుకు అడుగేసి మోకాలు వంచే కసరత్తు చేయించేటప్పుడు ఈ సంగతి చెప్పకుండా ఉండలేను.

శ్రీకాంత్ పడింది వేరే విధంగా. 2014 జులైలో మెదడువాపు లాంటి జబ్బు సోకి అకాడమీ బాత్‌రూమ్‌లో స్పృహ తప్పి పడిపోయాడు, ఐసీయూలో ఉన్నాడు. అదే ఏడాది నవంబరులో చైనా గడ్డ మీద, ఫుజౌలో, చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను 21-19, 21-17తో ఓడించాడు. లిన్ డాన్ అంటే అప్పటికే రెండు ఒలింపిక్ స్వర్ణాలు, ఐదు ప్రపంచ టైటిళ్లు గెలిచినవాడు. సొంత జనం మధ్య ఆడుతున్నాడు. నాలుగు నెలల కింద మంచం మీదున్న ఇరవై ఒక్క ఏళ్ల గుంటూరు కుర్రాడు అతని మీద రెండు గేముల్లోనే పని ముగించాడు.

5. వీడియో లేనివాణ్ని చిన్నచూపు చూడొద్దు.

ఈ మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మా ప్రాంతంలో ఈకల షటిల్ ఆడాలంటే గాలి పెద్ద శత్రువు. ఆయిల్‌పామ్ తోటల మీదుగా సాయంత్రం గాలి లేచిందంటే సర్వీస్ చేసిన షటిల్ పక్క కోర్టులో పడుతుంది. ఇండోర్ హాలు అనే మాటే మాకు చాలా కాలం తెలియదు. అందుకే పల్లెల్లో బాల్ బ్యాడ్మింటన్ నిలబడింది. పసుపు రంగు ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు, మట్టి నేల, రెండు కర్రలు, ఒక వల. అప్పట్లో 29 పాయింట్ల గేమ్. బంతి తడిస్తే బరువెక్కి రాకెట్ తీగలు తెంపేది. కొత్త బంతి తెచ్చిన రోజు ఎవరు ముందు కొడతారని పంతాలు పోయేవాళ్లం.

ఆ ఆటకు మొట్టమొదటి అర్జున అవార్డు 1970లో వరంగల్‌లో స్థిరపడ్డ జమ్మలమడక పిచ్చయ్య గారికి వచ్చింది. నూరేళ్లు దాటి బతికి 2021 డిసెంబరులో కన్నుమూశారు. మా కాలం పీఈటీలందరికీ ఆ పేరు దేవుడి పేరుతో సమానం. ఇప్పటి పిల్లలకు చూపిద్దామంటే ఫోన్‌లో దొరికేది ఆయన ముసలితనం ఫొటోలే. ఆయన కొట్టిన బంతి ఎలా వంగి పడేదో చూసినవాళ్ల నోట వినాల్సిందే. అందుకే ఎవరు గొప్ప అనే వాదన మొదలుపెట్టేముందు ఆ ఆట చూసిన పెద్దవాళ్లు ఊళ్లో ఇంకా ఉంటే వెళ్లి అడగండి. వాళ్లు పెంచి చెబుతారన్నది నిజమే. అయినా అడగండి. ఎక్కువగా ఏం పెంచుతున్నారో గమనిస్తే ఆ రోజుల్లో దేనికి విలువుండేదో తెలుస్తుంది.

గోపి సగం ఈ కోవలోకే వస్తాడు. ఆల్ ఇంగ్లండ్‌లో కొన్ని మ్యాచ్‌లు తప్ప, అతను జాతీయ పోటీల్లో ఆడిన మంచి ఆటను కెమెరాలు పెద్దగా పట్టుకోలేదు. శ్రీకాంత్ ఆట మాత్రం అన్ని కోణాల్లో, నెమ్మదిగా తిప్పి మరీ చూపిస్తారు. కంటికి ఎక్కువ ఆనినవాడే గొప్ప అనిపించడం సహజం. అందులో పిల్లల తప్పేం లేదు.

6. తర్వాతివాడిలో ముందువాడు ఎంతున్నాడో చూడండి.

జోర్డాన్, లెబ్రాన్‌ల పోలికలో లేనిది, మన ఇద్దరి పోలికలో ఉన్నది ఇదే. శ్రీకాంత్ గోపీచంద్ శిష్యుడు.

గోపి హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర ఆట నేర్చి, తర్వాత బెంగళూరులో ప్రకాశ్ పదుకోన్ అకాడమీలో పదును పెట్టుకున్నాడు. ప్రకాశ్ 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన తొలి భారతీయుడు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక గోపికి శీతల పానీయం ప్రకటన వస్తే వద్దన్నాడు. పిల్లల ఆరోగ్యానికి మంచిది కానిదాన్ని తాగమని తానెలా చెబుతానన్నాడు. గచ్చిబౌలిలో ప్రభుత్వం ఇచ్చిన ఐదెకరాల్లో అకాడమీ కట్టడానికి డబ్బు చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ పెద్ద మొత్తం ఇచ్చి ఆదుకున్నారు. 2008లో అకాడమీ తెరిచారు. అక్కడి నుంచి సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్ కాంస్యం, సింధు 2016 రియో రజతం గెలిచారు.

శ్రీకాంత్ అక్కడికి వచ్చినప్పుడు డబుల్స్ ఆటగాడు. అతని అన్న నందగోపాల్ అప్పటికే అక్కడ ఉన్నాడు. ఇతణ్ని సింగిల్స్‌కు మార్చింది గోపీచంద్. నెట్ దగ్గర మణికట్టు మెత్తదనం, వెనక నుంచి ఎగిరి కొట్టే స్మాష్, ఈ రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయని ముందుగా పట్టుకున్న కన్ను అది. లిన్ డాన్‌ను ఓడించిన ఆ ఫైనల్ జరిగింది 2014 నవంబరు 16న. అది గోపి పుట్టినరోజు, 41 ఏళ్లు నిండాయి. 2018 ఏప్రిల్‌లో శ్రీకాంత్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. మన దేశపు మగవాళ్ల సింగిల్స్‌లో ప్రకాశ్ తర్వాత ఆ మెట్టు ఎక్కింది అతనే. గోపి తన ఆట రోజుల్లో దాన్ని అందుకోలేదు. తాను అందుకోలేని చోటు ఎలా ఉంటుందో శిష్యుడికి చెప్పి, దారి చూపి పంపగలిగాడంటే అది ఆటలో ఇంకో పెద్ద గెలుపు. దాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలన్నది మీరే వాదించుకోండి. నేనైతే ఇద్దరి ఖాతాల్లోనూ వేస్తాను.

7. అయినా జవాబు చెప్పి తీరాలి.

"కాలాలు వేరు, ఇద్దరూ గొప్పే" అని తప్పుకోవడం నాకు ఇష్టం లేదు. అడిగిన పిల్లవాడు మొహం వేలాడేసుకుని పోతాడు. పెద్దవాడన్నాక ఒక మాట చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి.

ఆట చూడమంటే శ్రీకాంత్. మంచి రోజున అతను ఆడినంత అందంగా, అంత వేగంగా మన తెలుగువాడెవరూ ఆడలేదు. 2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ జట్ల పోటీ ఫైనల్ చూడండి. పద్నాలుగుసార్లు గెలిచిన ఇండోనేషియా మీద మనం 2-0తో ముందున్నాం. మూడో మ్యాచ్‌లో జొనాథన్ క్రిస్టీని 21-15, 23-21తో ఓడించి కప్పు చేతికి అందించింది శ్రీకాంత్. ఆ టోర్నీలో అతను ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. మన దేశానికి అదే మొదటి థామస్ కప్.

ఇద్దరిలో ఒకరినే ఎంచుకోమంటే మాత్రం నా ఓటు గోపీచంద్‌కు. 2001 ఆల్ ఇంగ్లండ్ వారంలో అతను దాటినవాళ్లను చూడండి: సిడ్నీ ఒలింపిక్ విజేత జీ షిన్‌పెంగ్, సెమీస్‌లో డెన్మార్క్ ఆటగాడు పీటర్ గేడ్, ఫైనల్లో చెన్ హాంగ్. గేడ్‌తో 17-14, 17-15. సర్వీస్ చేతిలో ఉంటేనే పాయింటు వచ్చే ఆటలో, బాగుచేసిన మోకాలితో, వెనక పెద్ద వ్యవస్థేదీ లేకుండా. ప్రకాశ్ తర్వాత ఇరవై ఒక్క ఏళ్లకు ఆ కప్పు మన దేశానికి వచ్చింది. తర్వాత 2015లో సైనా, 2022లో లక్ష్యసేన్ ఫైనల్ దాకా వెళ్లి ఓడారు. వాళ్ల వెనక ఫిజియోలు, వీడియోలు, విదేశీ కోచ్‌లు ఉన్నా అంత కష్టమైన మెట్టు అది.

మండలపల్లి నుంచి సైకిల్ మీద వచ్చి ఆడే ఒక కుర్రాడు దీనికి ఒప్పుకోడు. వాళ్ల నాన్న తోటల్లో పామాయిల్ గెలలు కోస్తాడు. "సార్, వ్యవస్థ ఉంటే ఒత్తిడి కూడా ఉంటుంది కదా. గోపి గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు, శ్రీకాంత్ గెలవాలని అందరూ అనుకున్నారు" అంటాడు. గట్టి మాటే. నా ఓటు మారలేదు గానీ, వాడికి పూర్తి జవాబు ఇంకా బాకీ ఉన్నాను.