జింక్-ఎయిర్ బ్యాటరీ: సూక్ష్మరంధ్ర పొరల పాత్ర

జింక్-ఎయిర్ బ్యాటరీలో ఆనోడ్ జింక్, విద్యుద్విశ్లేష్యం సాధారణంగా పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. కాథోడ్ వద్ద చర్య జరిపే ఆక్సిజన్ బయటి గాలి నుంచే వస్తుంది. దాన్ని లోపల నిల్వ చేయనక్కర్లేదు కాబట్టి చిన్న సెల్‌లోనే ఎక్కువ జింక్ పడుతుంది. వినికిడి యంత్రాల్లో వాడే బటన్ సెల్ ఇదే. దాని నామమాత్ర వోల్టేజి సుమారు 1.4 వోల్టులు. గాలి లోపలికి వెళ్లే రంధ్రాలపై అంటించిన స్టిక్కర్ తీశాకే అది పనిచేయడం మొదలవుతుంది.

గాలికి తెరిచి ఉండటమే దీని బలం, బలహీనత కూడా. పొడి గాలిలో ద్రావణంలోని నీరు ఆవిరవుతుంది, తేమ ఎక్కువైతే కాథోడ్ రంధ్రాలు నీటితో నిండిపోతాయి. కార్బన్ డయాక్సైడ్ క్షారంతో కలిసి కార్బొనేటుగా మారి రంధ్రాలను పూడ్చేస్తుంది. 1932లో హైస్, షూమాకర్ అనే పరిశోధకులు కాథోడ్‌లోని కార్బన్‌కు మైనం పట్టించి ద్రావణం చొరబడకుండా చూశారు. నేడు ఆ పని టెఫ్లాన్ పొరది: వాయువును రానిస్తుంది, ద్రవాన్ని ఆపుతుంది.

రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉండే పొర సెపరేటర్. సాధారణంగా ఇది పాలీప్రొపిలీన్‌తో తయారవుతుంది. రంధ్రాలు పెద్దవైతే అయాన్లు సులువుగా కదిలి అంతర్నిరోధం తగ్గుతుంది. కానీ జింక్ క్షారంలో కరిగి ఏర్పడే జింకేట్ అయాన్లూ కాథోడ్ వైపు జారుకుంటాయి, సామర్థ్యం పడిపోతుంది. రీచార్జి రకాల్లో సూదుల్లా పెరిగే జింక్ స్ఫటికాలు పొరను చీల్చి షార్ట్ సర్క్యూట్ చేయగలవు. అందుకే సెపరేటర్‌పై అయాన్లను ఎంచి పంపే పాలిమర్ పూత వేస్తారు, లేదా హైడ్రాక్సైడ్‌ను పంపి జింకేట్‌ను అడ్డుకునే ఆనయాన్ మార్పిడి పొర వాడతారు.