కకూమా వెళ్తున్న మేనకోడలికి

బుజ్జీ,

కెన్యాలోని కకూమా శరణార్థుల శిబిరంలో పసిపిల్లల పోషకాహార కేంద్రంలో నీకు పని ఖాయమైందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమే. ముందు ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూడు. కెన్యాలో దిగడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే ఆ కార్డు చెల్లుతుంది.

సుడాన్ యుద్ధం నుంచి కాలినడకన తప్పించుకొచ్చిన పిల్లల కోసం 1992లో ఆ శిబిరం వెలిసింది. అక్కడే పుట్టి, పెళ్లాడి, పిల్లల్ని కన్నవాళ్లు ఇప్పుడున్నారు. 2016 రియో ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు తరఫున పరుగెత్తిన దక్షిణ సుడాన్ వాళ్లు ఐదుగురూ కకూమాలో పెరిగినవాళ్లే. అందుకని ఏమీ చేతకాని వాళ్ల మధ్యకి వెళ్తున్నాననుకోకు. నీ పక్కన పనిచేసే ఆరోగ్య కార్యకర్తల్లో చాలామంది శరణార్థులే. ‘ఇన్సెంటివ్’ పేరుతో నీ జీతంలో ఏ కొంతో వాళ్లకిస్తారు. ఏ బ్లాకులో ఏ తల్లి రావడం మానేసిందో, ఎందుకు మానేసిందో వాళ్లకే తెలుసు. మొదటి నెలంతా వాళ్ల వెంట తిరుగు.

బిడ్డ జబ్బకి టేపు చుట్టి చూస్తావు. 11.5 సెంటీమీటర్లకి తగ్గితే ఎర్ర గీత. వేరుశెనగ ముద్ద ప్యాకెట్లు ఇచ్చి పంపుతావు. వారం తిరిగేసరికి ఆ బిడ్డ బరువు పెరగలేదనుకో, తల్లి మీద కోపమొస్తుంది. ఒక్క మాట కూడా అనకు. ఆ ప్యాకెట్టు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పంచుకుని ఉంటారు. దేశాలిచ్చే డబ్బు తగ్గినప్పుడల్లా ప్రపంచ ఆహార కార్యక్రమం రేషన్‌లో కోత పెడుతుంది. ఇంట్లో గింజలు నిండుకున్నాక ఏ తల్లి ఒక్క బిడ్డకే పెట్టి మిగతావాళ్లని ఆకలితో చూస్తూ కూర్చోమంటుంది? ఈ నెల రేషన్ ఎంత ఇచ్చారు, ఎన్నాళ్లొచ్చిందని ముందు అడుగు. జవాబు కార్డులో రాయి. పైవాళ్లకి పంపే రిపోర్టులో అది కచ్చితంగా ఉండేలా చూడు. లేకపోతే తల్లి అశ్రద్ధ అని రాసేసి చేతులు దులుపుకుంటారు, ఆకలి సంగతి అక్కడే మరుగున పడిపోతుంది.

ఆ నేల మీద మొదటినుంచీ మేకలూ ఒంటెలూ మేపుకునే తుర్కానావాళ్లూ పేదలే. వాళ్ల ఆడవాళ్లు శిబిరంలో కట్టెలూ బొగ్గులూ అమ్ముకుంటారు. వాళ్ల బిడ్డలొచ్చినా అదే శ్రద్ధతో చూడు.

ఎండిన వాగే కదా అని అడ్డంగా నడవకు. ఎక్కడో ఎగువన పడ్డ వానకి వరద ఉన్నట్టుండి వచ్చిపడుతుంది.

పరాయి దేశం నుంచి వచ్చావు గనక నీ చేతిలో ఏదో ఉందనుకుంటారు. అమెరికాకో కెనడాకో పంపించమని కాగితాలు పట్టుకొస్తారు. ప్రపంచంలోని శరణార్థుల్లో ఏటా నూటికి ఒక్కరికైనా ఆ అవకాశం దొరకడం లేదు. మొహమాటపడి చూద్దాం అనకు. అది నమ్ముకుని ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. నాకు అధికారం లేదని అప్పుడే చెప్పి, ఆ పని చూసే కార్యాలయం ఎక్కడో, ఏ రోజు తెరుస్తారో కనుక్కుని చెప్పు. వీలైతే వెంట వెళ్లి చూపించు.

ఇట్లు,
మీ అత్త