కేసు ఎక్కడ వేయాలి? ఆ ఒక్క లైను చదవండి

మన దగ్గర షాపు బిల్లు కింద చిన్న అక్షరాల్లో "సబ్జెక్ట్ టు హైదరాబాద్ జురిస్‌డిక్షన్" అని ఉంటుంది, చూసే ఉంటారు. గొడవ వస్తే కేసు హైదరాబాద్‌లోనే వేయాలని దాని అర్థం. మన ఫోన్‌లోని యాప్‌ల ఒప్పందాల్లోనూ ఇలాంటి లైను ఉంటుంది. మనం చదవకుండానే "ఐ అగ్రీ" నొక్కేస్తాం. అది ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక నిజం కేసు చూద్దాం.

కెనడాలోని టొరంటోలో డేవిడ్ హెల్లర్ ఉబర్ ఈట్స్ యాప్ మీద ఫుడ్ డెలివరీ చేసేవాడు. వారానికి 400 నుంచి 600 కెనడా డాలర్లు వచ్చేవి. డ్రైవర్లను ఉద్యోగులుగా గుర్తించి కనీస వేతనం, ఓవర్‌టైమ్, సెలవు జీతం ఇవ్వాలని 2017లో అక్కడి కోర్టుకెళ్ళాడు. కంపెనీ యాప్ ఒప్పందం చూపించింది. దాని ప్రకారం చట్టం నెదర్లాండ్స్‌ది, పంచాయితీ ఆమ్‌స్టర్‌డామ్‌లో, మధ్యవర్తి ముందు. అక్కడ కేసు మొదలుపెట్టడానికే ఫీజు 14,500 అమెరికా డాలర్లు, అంటే దాదాపు ఆయన ఏడాది సంపాదన! లాయరు, ప్రయాణం ఖర్చులు వేరే. ఆ ఫీజు ఎంతో ఒప్పందంలో రాయనే లేదు.

2020 జూన్ 26న కెనడా సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదని తీర్పిచ్చింది. బేరమాడే వీలులేని మనిషి దానికి ఒప్పుకున్నాడు, దాన్ని పాటిస్తే ఆయనకు న్యాయం అందే దారే ఉండదు అన్నది కారణం. హెల్లర్‌కు జీతం రావాలని కోర్టు అప్పుడు తేల్చలేదు. కేసు ఆమ్‌స్టర్‌డామ్‌కి పోనక్కర్లేదని మాత్రమే చెప్పింది. కానీ ఆ తలుపు తెరుచుకోకపోతే మిగతాదేదీ లేదు.

ఈ తీర్పు ఇక్కడ ఎమిరేట్స్‌లో వర్తించదు. ఇలాంటి ప్రతి షరతునూ కోర్టులు కొట్టేస్తాయని కూడా అనుకోవద్దు. అందుకే మనం చేయాల్సినవి:

1. పని ఇచ్చే యాప్ అయినా, కాగితం మీద ఒప్పందం అయినా "గవర్నింగ్ లా", "జురిస్‌డిక్షన్", "ఆర్బిట్రేషన్" అనే మాటలు ఎక్కడున్నాయో వెతకండి. ఇంగ్లీషు రాకపోతే తెలిసినవాళ్ళతో చదివించుకోండి.

2. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి ఇంటికి కూడా పంపి ఉంచండి. డ్యూటీ గంటలు, జీతం మెసేజ్‌లు చెరిపేయకండి.

3. జీతం ఆగితే ముందు ఇక్కడి కార్మిక శాఖలో, అంటే మోహ్రేలో, ఫిర్యాదు చేయండి. ఇళ్ళల్లో పనిచేసే అక్కలకు చట్టం వేరు, కానీ ఫిర్యాదు చేసేది అక్కడే.

"సంతకం పెట్టేశాం కదా, ఇంకేం చేస్తాం" అని మాత్రం ఊరుకోకండి. హెల్లర్ కూడా ఒప్పుకున్నవాడే.