మ్రింగుటకు నాలుక చేయు సాయము

నోటిలో ముద్ద పెట్టుకొనుట మన ఇష్టముపై జరుగు పని. అది గొంతులోనికి జారిన పిమ్మట మన అధీనములో ఉండదు. ఈ రెంటి నడుమ, ముద్ద మ్రింగుటకు సిద్ధమైనదా లేదా అని తేల్చునది నాలుకకును, అంగిలికిని, గొంతునకును గల స్పర్శజ్ఞానము. నాలుక రుచి చూచుటతో ఊరకుండదు. ముద్ద వేడిగా నున్నదా, బాగుగా నమలబడినదా, అందు చేపముల్లు గాని రాతిపలుకు గాని ఉన్నదా అని పరీక్షించుచునే యుండును.

ఈ సమాచారము నాడుల ద్వారా మెదడు అడుగుభాగమైన మెడుల్లాకు చేరును. అచటి ఆజ్ఞతో స్వరపేటిక పైకి లేచును, శ్వాసనాళము మూసుకొనును, ఊపిరి క్షణకాలము నిలుచును, ముద్ద అన్నవాహికలోనికి పోవును. గొంతులో జరుగు ఈ పనియంతయు సుమారు 1 సెకనులో ముగియును.

స్పర్శకును గుటకకును గల సంబంధమును ఎవరికి వారు పరీక్షించుకొనవచ్చును. నోటిలో ఏమియు లేకుండ వెంటవెంటనే నాలుగైదు మారులు గుటక వేయుటకు ప్రయత్నింపుడు. లాలాజలము అయిపోగానే తరువాతి గుటక కష్టమగును. గుక్కెడు నీరు పుచ్చుకొన్నచో మరల సులభమగును. కండరములు అవియే; గొంతునకు తగులుటకు ఏదియు లేకపోవుటయే కారణము.

పొలమారినపుడు ఎవరో తలచుకొనుచున్నారని మన ఇండ్లలో అందురు. నిజమునకు, దారి తప్పిన మెతుకును శరీరము గుర్తించి దగ్గుతో వెలుపలికి నెట్టుటయే పొలమారుట. అది మనకు కావలి వంటిది. వయసు మీరినకొలది ఈ స్పర్శ మందగించును. పక్షవాతము వచ్చిన తొలి దినములలో సుమారు సగముమందికి మ్రింగుట కష్టమగును. వారిలో కొందరికి నీరు ఊపిరితిత్తులలోనికి పోయినను దగ్గు రాదు. చూచువారికి చక్కగా త్రాగినట్లే తోచును. కొన్ని దినములకు జ్వరము, ఆయాసము కలిగి న్యుమోనియా ఏర్పడవచ్చును. ఇంటివారికి అసలు కారణము తెలియకయే పోవును.

పసిపిల్లలకు ముక్కు మూసి ఆముదము పోయుటలోను ఇట్టి అపాయమే కలదు. నూనె గొంతును గీరదు. కావున దగ్గు పుట్టింపకయే ఊపిరితిత్తులకు చేరగలదు.

పంచాయతీ సభ్యులు గ్రామసభలలో, ఆశా కార్యకర్తల సాయముతో, ఈ సంగతులు ప్రజలకు తెలియజేయవలెనని మేము కోరుచున్నాము:

1. స్పృహ తప్పినవారి నోటిలో నీరుగాని, సోడాగాని, మందుగాని పోయరాదు. ఊపిరి ఆడుచున్నచో ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, వెంటనే 108కు ఫోను చేయవలెను.

2. హఠాత్తుగా మూతి వంకరపోయినను, మాట తడబడినను, చేయి పడిపోయినను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. మ్రింగగలరో లేదో వైద్యులు పరీక్షించువరకు నోటిద్వారా ఏమియు ఈయరాదు.

3. ముదుసలులను నిటారుగా కూర్చుండబెట్టి, చిన్న ముద్దలుగా, ఒకటి మ్రింగిన పిమ్మటనే మరియొకటి పెట్టవలెను. తినునపుడు మాటలాడింపరాదు. భోజనమైన పిదప అరగంటయైనను కూర్చుండనీయవలెను.

4. ప్రతిదినము వారి నోరు శుభ్రపరచవలెను. నోటిలోని క్రిములు లాలాజలముతో ఊపిరితిత్తులకు చేరి జబ్బు కలిగించును.

5. నీరు త్రాగిన పిదప గొంతు గురగురలాడినను, మాటిమాటికి జ్వరము వచ్చుచున్నను వైద్యునకు చూపవలెను.

దాహమన్నవారికి నీరిచ్చుట మన ధర్మము. ఆ నీరు సరియైన దారిని పోవునట్లు చూచుటయు అందులోని భాగమే.